కారెక్కిన తాటిదోనె

పడవని కారు మీద కట్టడానికి ఏ తాడు మంచిదని గంగరాజుని అడగడం లిడియా చేసిన మొదటి పొరపాటు. సఖినేటిపల్లి రేవులో, మహాలక్ష్మమ్మ టీకొట్టు ముందు, పదిమంది వింటుండగా అడగడం రెండోది. ఒంటరిగా దొరికితే ఆయన ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకునే అవకాశం కొంచెమైనా ఉండేది. చుట్టూ నలుగురు చేరితే మాత్రం ఆయన నోటికి జవాబు రాదు, కథే వస్తుంది.

నిజానికి లిడియాకి ఆ వేళ కథలు వినే తీరిక లేదు. మధ్యాహ్నం మూడింటికి రాజమండ్రిలో రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీలున్నాయి. ఎవరి కయాక్ వాళ్ళే తెచ్చుకోవాలని ముందే చెప్పేశారు. కయాక్ అంటే ఒక్కరే కూర్చుని, రెండు కొసలా ఆకులున్న తెడ్డుతో తోసుకుపోయే సన్నటి పడవ. ఈ రేవులో అందరూ దాన్ని ప్లాస్టిక్ దోనె అంటారు. లిడియా ఎక్కేది తన సొంతం కూడా కాదు, క్లబ్బు వాళ్ళు దయతలచి రెండు నెలలు వాడుకోమన్నది. అది దారిలో జారిపడి పగిలిందంటే ఈ ఏడు పోటీ లేనట్టే. వచ్చే ఏటికి ఆ పిల్ల వయసు దాటిపోతుంది, కాబట్టి ఇంకెప్పుడూ లేనట్టే.

బాబాయ్ శ్యామ్ బాబు కారు తెచ్చి కొట్టు పక్కన పెట్టాడు. కయాక్‌ని టాపు మీదున్న క్యారియర్ పైకి ఎక్కించారు. లారీల్లో సామాన్లకి బిగించే వెడల్పాటి పట్టీలు రెండు, ఇనప బకిల్సుతో సహా, ముందురోజే అమలాపురంలో కొనుక్కొచ్చాడాయన. మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు మీద పనిచేసే ధనరాజు ఊరుకోలేక, చేపల చెరువుల్లో వాడే నీలం నైలాను తాడు ఒక చుట్ట ఇస్తానన్నాడు. ఏది కట్టాలో తేలక లిడియా వెనక్కి తిరిగి గంగరాజుని అడిగింది.

అడగడానికి కారణం ఉంది. గంగరాజు ముప్పై ఏళ్ళ కిందట కొత్తపేట కాలవలో దోనెల పందెం గెలిచిన మనిషి. ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ మాట ఈ కొట్టు దగ్గరే ఆయన నోటే విని, మర్నాడు ఎవరిదో దోనె అడిగి తెడ్డు పట్టుకుంది లిడియా. ఇంట్లో అంతా ఆడపిల్లకి నీళ్ళమీద పనేంటన్నారు. గంగరాజొక్కడే భేష్ అన్నాడు. కన్నవాళ్ళ మాట కంటే ఆ పిల్లకి ఆయన మాట మీద గురి ఎక్కువ.

గంగరాజు ముందు నైలాను తాడు చేత్తో పట్టి చూసి, ఇది సాగుతుందన్నాడు. మీ కథల్లాగా అన్నమాట అన్నాడు ధనరాజు. గంగరాజు అది వినిపించుకోకుండా పట్టీల దగ్గరికొచ్చి, బకిలు తెరిచి మూసి, ఇది నడుముకి పెట్టుకునేది గానీ పడవకి కట్టేది కాదని తేల్చేశాడు. తరవాత చరచరా రేవు మెట్లు దిగి, వారం రోజులుగా నీళ్ళల్లో నానుతున్న కొబ్బరితాడు చుట్ట ఒకటి ఈడ్చుకొచ్చి, నీళ్ళోడుతూ ఉండగానే కారు పక్కన పడేశాడు. బెంచీ మధ్యలో కూర్చున్నవాళ్ళని చేత్తోనే జరిపి, అక్కడ కూర్చున్నాడు. ఇక కథ తప్పదని మహాలక్ష్మమ్మకి అర్థమై టీ మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

"అప్పుడు నాకు ముప్పయ్యేళ్ళమ్మా లిడియా. కొత్తపేట కాలవలో దోనెల పందెం పెట్టేరు, మన రేవు నుంచి నేనొక్కణ్ణే. నీళ్ళమీద తోసుకెళ్తే పందెం టైముకి అందదని సూర్యారావు గారి అంబాసిడర్ మాట్లాడేను. తాటిదోనె ఎత్తి కారు మీద పెట్టేను. కొబ్బరితాడు, రాత్రంతా గోదాట్లో నానబెట్టింది, ఏడు చుట్లు చుట్టి ముడేసేను. అంతేనమ్మా, ఇంకేం లేదు. కారు బయల్దేరింది, తాడు కదల్లేదు."

"ఆయ్, బాగుందండి" అంది మహాలక్ష్మమ్మ.

అక్కడితో ఆగి ఉంటే అది మామూలు సంగతిగా మిగిలిపోయేది, అందరూ నమ్మేవారు కూడా. కానీ మహాలక్ష్మమ్మ ఆయ్ అంది కదా. ఆ ఒక్క మాట చాలు ఆయనకి, గేరు మార్చడానికి.

ఆ తర్వాత ఏమైందో తెలుసా అని మొదలుపెట్టాడు. ఆ ముడి బిగువు ఎంతటిదంటే, రాజోలు చేరేసరికి కారు టాపు జానెడు కిందకి దిగిపోయిందట. డ్రైవరు తల ఎత్తలేక స్టీరింగు మీద గడ్డం ఆనించి నడిపాడట. రోడ్డు కనబడటం లేదని వాడు మొత్తుకుంటే, నువ్వు తొక్కు, నేను చెప్తానని గంగరాజు దోనెలో కూర్చుని పైనుంచి దారి చూపించాడట. కుడికి తిప్పాలంటే కుడివైపు తెడ్డుతో టాపు మీద కొట్టడం, ఎడమకి తిప్పాలంటే ఎడమవైపు.

మరి ఆపాలంటేనండీ అని ధనరాజు అడిగాడు. ఆపాల్సిన అవసరం రాలేదన్నాడు గంగరాజు.

"తాటిపాక దాటేక తాడు కొస ఒకటి జారి, రోడ్డు పక్కన కొబ్బరిచెట్టుకి చుట్టుకుందండి. తాడు తెగిందా? తెగలేదు. ముడి వీడిందా? వీడలేదు. చెట్టే వేళ్ళతో సహా వచ్చేసింది. వెనక తోకలా ఈడ్చుకొస్తంటే, నేను దోనెలోంచి వంగి ఒక్కో బొండం కోసుకోవడం, దార్లో దాహమన్నోళ్ళకి ఇచ్చుకోవడం."

ఆ చెట్టుగలాయన ఊరుకున్నాడా అని మహాలక్ష్మమ్మకి సందేహం వచ్చింది. ఎందుకు ఊరుకోడు, ఇప్పటికీ ఉత్తరాలు రాస్తాడన్నాడు గంగరాజు, మళ్ళీ ఎప్పుడొస్తారండీ, ఇంకో రెండు చెట్లు తీయించేవి ఉన్నాయని.

లిడియాకి నవ్వొచ్చింది, నవ్వుతూనే టైము చూసుకుంది. ఎనిమిదిన్నర. శ్యామ్ బాబు కారు తాళాలు చేతిలో ఆడిస్తూ నిలబడ్డాడు. బెంచీ చివర తాతయ్య జ్ఞానప్రకాశం మాత్రం నవ్వడం లేదు. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎప్పుడూ మితంగానే మాట్లాడతాడు. ఆ పూట టీ కూడా తాగకుండా, నేలమీద నీళ్ళోడుతున్న తాడుచుట్ట వంకే చూస్తున్నాడు. మనవరాలి పోటీ సంగతి తలుచుకుని దిగులు పడుతున్నాడనుకుంది లిడియా.

గంగరాజు కథ ఈలోగా పి. గన్నవరం అక్విడెక్టు దగ్గరికి చేరింది. అక్కడ కింద వైనతేయ గోదావరి, పైన కాలవ, ఆ పక్కన రోడ్డు, అన్నిటి మీదా సముద్రపు గాలి. ఆ గాలి దోనె ముక్కు కిందకి దూరింది. మామూలు తాడైతే ఆ దెబ్బకి దోనె ఎగిరిపోవలసిందే. ఇది గంగరాజు ముడి కాబట్టి దోనె కారుని వదల్లేదు, కారునే తనతో పాటు తీసుకుని లేచింది.

"గాల్లోకండీ?" అన్నాడు ధనరాజు.

"మరి నేలలోకా. కింద వైనతేయ, పైన నేను. డ్రైవరు బ్రేకు తొక్కుతున్నాడు, పాపం అలవాటు. నేను లేచి నిలబడి గాల్లో తెడ్డు వేసేను. గాల్లో తెడ్డు వెయ్యడం నీళ్ళల్లో కంటే తేలికమ్మా లిడియా, కాకపోతే ఆగిపోతే పడిపోతాం. ఏటి మధ్య లంకలో ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని చూసి బస్సనుకుని చెయ్యెత్తేరు. ఎక్కించుకుందామనే అనుకున్నాను గానీ, పందేనికి టైమైపోతోంది."

కొట్టు ముందు నవ్వులు పెద్దవయ్యాయి. పంటు కోసం నిలబడ్డవాళ్ళు కూడా ఇటు జరిగారు. అది చూసి గంగరాజు బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు.

సరిగ్గా పందెం మొదలయ్యేవేళకి కొత్తపేటలో దిగారట. ఇప్పుడు దోనె విప్పాలి. ముడి రాలేదు. గంగరాజు లాగాడు, డ్రైవరు లాగాడు, పందెం చూడ్డానికొచ్చిన నలభైమంది రెండువైపులా పట్టుకుని లాగారు. కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చి వేస్తే కత్తి వంగిపోయింది. అవతల ఈల వేసేస్తున్నారు. చేసేదేంలేక కారుతో సహా కాలవలోకి దింపేశాడు గంగరాజు. పైన దోనె, దోనె కింద కారు, కారులో డ్రైవరు. వాడు లోపల వైపర్లు వేసుకుని, దారిలో అడ్డొచ్చిన వాళ్ళకి హారన్ కొట్టుకుంటూ కూర్చున్నాడు. పందెం పెట్టినవాళ్ళు ఇది చెల్లదన్నారట, చక్రాలున్న బండి కదా అని. చక్రాలు తిరగడం లేదు కదండీ అని గంగరాజు వాదించి ఒప్పించాడట.

"గెలిచేనా లేదా? రెండోవాడు వచ్చేసరికి నేను బహుమతి పుచ్చుకుని, భోంచేసి, ఒక కునుకు తీసి లేచేను. సాయంత్రం కారు డిక్కీ తెరిస్తే ఏడు కేజీల బొచ్చెచేప. ఇంటికొచ్చేక కూడా ముడి రాలేదమ్మా. చివరికి ఆ కారు అలాగే, దోనెతోటే అమ్ముకున్నారు సూర్యారావు గారు. అదీ తడిపిన కొబ్బరితాడంటే. ఆ పట్టీలు అవతల పడేసి ఇది కట్టుకో, రాజమండ్రి కాదు, రామేశ్వరం దాకా కదిలితే నన్నడుగు."

కారు ఎగరదని, చెట్టు రాదని లిడియాకి తెలియక కాదు. గంగరాజు మావయ్య ఉప్పుకారం కాస్త ఎక్కువ వేస్తాడని రేవులో పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ పందెం గెలవడం నిజం, దోనె కారు మీద వెళ్ళడం నిజం, కాబట్టి తాడు కూడా నిజమే అయ్యుంటుంది. పట్టీలు కట్టి ఎవరు చూశారు? ఇంత అనుభవం ఉన్న మనిషి చెబుతుంటే కాదని బకిల్సు నమ్ముకోవడం తెలివితక్కువ అనిపించింది. వంగి తడితాడు అందుకుని, ఇదే కట్టేద్దాం బాబాయ్ అంది.

జ్ఞానప్రకాశం టీ గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు.

"గంగరాజు గారూ, తప్పుగా అనుకోకండి. ఆ రోజు అక్విడెక్టు దాటేక మలుపులో మీ దోనె రోడ్డుకి అడ్డంగా పడి రెండు చెక్కలైపోయింది. దాన్ని పక్కకి లాగింది నా బస్సులో జనమేనండి."

నవ్వుతున్నవాళ్ళు నవ్వుతూనే ఆగిపోయారు. ఏ క్షణాన గంగరాజు దీన్ని కూడా కథలో కలిపేసి, ఆ రెండు చెక్కలూ చెరో పందెం గెలిచాయంటాడో అని చూశారు. ఆయన మాత్రం నిలబడ్డవాడు మెల్లిగా బెంచీ మీద కూర్చుని, మెడలో తువ్వాలు తీసి చేతిలో పెట్టుకున్నాడు.

లిడియాకి ఒళ్ళు మండింది. ముందు తాతయ్య మీద, ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని. తరవాత గంగరాజు మీద. ఎనిమిదో తరగతి నుంచి ఇవాళ్టిదాకా తను నమ్ముకున్న మాట అది. చలిలో తెల్లారగట్ల లేచి గోదాట్లోకి దిగినప్పుడల్లా, చేతులు బొబ్బలెక్కినప్పుడల్లా, మన రేవు మనిషే ఒకసారి గెలిచాడు కదా అని ధైర్యం చెప్పుకునేది.

"మీరు గెలిచేరని విన్నాకే నేను తెడ్డు పట్టుకున్నానండి, మావయ్యగారూ" అంది.

"తెలుసమ్మా. అందుకే నిజం చెప్పడానికి ఇంకా భయమేసింది." ఆయన గొంతు టీకొట్టు దాటి వినబడలేదు. "నేను పందేనికి వెళ్ళనే లేదు. ఆ మలుపు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేసేను. నా చేతి ముడి వీడిపోయిందని ఈ రేవులో ఎలా చెప్పుకోను? పడవోడికి ముడి రాదంటే ఇంకేం మిగుల్తది? గెలిచేనని చెప్పినంతసేపూ గెలిచినట్టే ఉండేదమ్మా."

ఆ తర్వాత ఆయన ఏ పందేనికీ వెళ్ళలేదు, మరో దోనె చెయ్యించుకోలేదు. ఎంత లాగినా ఊడని ముడి గురించే ముప్పై ఏళ్ళుగా ఈయన ఎందుకు చెబుతూ వచ్చాడో లిడియాకి అప్పుడు అర్థమైంది. కోపం పోలేదు గానీ, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది.

జ్ఞానప్రకాశం మాత్రం గంగరాజు వంక వింతగా చూశాడు.

"ముడి వీడిందని మీకెవరు చెప్పేరండి?"

"ఒకళ్ళు చెప్పాలాండీ. దోనె పడిపోయింది కదా."

"ముడి వీడలేదు. ఆ తాడు చుట్ట చుట్టి మీ పక్కన పెట్టింది నేనే. మీరు తువ్వాలు మొహాన వేసుకుని కాలవగట్టున కూర్చున్నారు, తల ఎత్తలేదు, తాడు వంక చూడనైనా లేదు. ముడి విప్పుదామని నేను చూస్తే నా వల్ల కాలేదండి. కండక్టరు వల్లా కాలేదు, చివరికి తాడు వేరేచోట కోసి తియ్యాల్సొచ్చింది. మీరు వేసింది వేసినట్టే ఉంది. తాడే ఎండిపోయి, కారుకీ దానికీ మధ్య నాలుగువేళ్ళు దూరేటంత వదులైపోయింది."

ఆయన ఒక పట్టాన మాట్లాడడు, మొదలుపెడితే డ్రైవింగు నేర్పినంత ఓపిగ్గా చెబుతాడు. నీళ్ళల్లో ఉన్నంతసేపూ తడితాడు బిగిసే ఉంటుంది, పడవ పని చేసేవాళ్ళకి అందుకే తాడు తడిపి కట్టడం అలవాటు. కారు టాపు మీద నీళ్ళెక్కడివి. పైన ఎండ, ఎదురు గాలి, రెండు గంటలయ్యేసరికి ఆ బిగువంతా పోతుంది. పైగా ఆ రోజు నడుం దగ్గర తప్ప ముక్కుకీ తోకకీ కట్టలేదు, గాలి ముక్కు కింద దూరి ఎత్తేసింది. బస్సు టాపు మీద మూటలు కట్టించి కట్టించి తనకి తెలిసిన సంగతి ఇది. ఈయనకి కూడా తెలిసే ఉంటుందనుకున్నాడు, తెలిసే సరదాకి కథ చెబుతున్నాడనుకున్నాడు. మనవరాలు ఆ కథ విని పడవెక్కిందని తెలిశాక దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. ఇవాళ తడితాడు బయటికి రాకపోతే ఇప్పుడు కూడా నోరు విప్పేవాడు కాదు.

గంగరాజు అదంతా విన్నాడో లేదో తెలీదు.

"ముడి వీడలేదాండీ?" అని మళ్ళీ అడిగాడు.

"వీడలేదండి."

"నిజంగానే?"

"నేను కథలు చెప్పనండి" అన్నాడు జ్ఞానప్రకాశం.

గంగరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.  మహాలక్ష్మమ్మ టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, తాగండి అని మాత్రం అని వెళ్ళిపోయింది. 

లిడియా తడితాడు చుట్ట ఎత్తి రేవు మెట్ల వైపు విసిరేసింది. పట్టీలు బాబాయ్ చేతికిచ్చి నడుం దగ్గర రెండు చోట్లా బిగించమంది. ఆ తర్వాత గంగరాజు ముందుకొచ్చి నిలబడింది.

"మీ ఇంట్లో పొడితాడు ఉందాండీ, మావయ్యగారూ? ముక్కుకీ తోకకీ కట్టాలి. మీ ముడే వెయ్యాలి."

ఆయన లేచాడు. ఇల్లు రేవుకి నాలుగడుగుల దూరమే. వెళ్ళినవాడు అటక మీదున్న పాత కొబ్బరితాడు తెచ్చి, ఎండలో పట్టి చూసి, చెంపకి ఆనించి చూసి, తడి లేదని రూఢి చేసుకున్నాడు. కయాక్ ముక్కు నుంచి కారు ముందు కొక్కేనికి ఒక తాడు, తోక నుంచి వెనక కొక్కేనికి ఒకటి కట్టాడు. రంగు గీరుకోకుండా తాడు కింద తన తువ్వాలు చింపి పెట్టాడు. కట్టినంతసేపూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఆ రేవులో ఎవరూ ఎరగని విషయమది. రెండు ముళ్ళూ పడ్డాక ఊపి చూడమన్నాడు. లిడియా కయాక్ పట్టుకుని బలమంతా పెట్టి ఊపింది. కారు ఊగింది గానీ కయాక్ విడిగా కదల్లేదు.

తొమ్మిదింటికి బయల్దేరారు. మీరూ రండి మావయ్యగారూ అని పిలవాల్సిన పని లేకపోయింది, గంగరాజు అప్పటికే చెప్పులు విడిచి వెనకసీట్లో తాతయ్య పక్కన కూర్చున్నాడు. రాజోలు దాటారు, తాటిపాక దాటారు. రోడ్డు పక్కన కొబ్బరిచెట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. లిడియా అద్దంలోంచి చూస్తే ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూస్తున్నాడు.

అక్విడెక్టు దాటాక ఒకసారి ఆపమన్నాడు. శ్యామ్ బాబు పక్కకి తీసి ఆపాడు. గంగరాజు దిగి, ముక్కు దగ్గర తాడు మీద చెయ్యి వేసి లాగాడు, తోక దగ్గర లాగాడు, పట్టీల కింద వేలు దూర్చబోతే దూరలేదు. జ్ఞానప్రకాశం కూడా దిగి పక్కన నిలబడ్డాడు. ఇక్కడేనా అని గంగరాజు అడిగితే, ఇక్కడేనండి, మీరు ఆ గట్టు మీద కూర్చున్నారని చెయ్యి చూపించాడు. 

"పదండి, అమ్మాయికి టైమైపోతోంది" అన్నాడు గంగరాజు.

కారు కదిలింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆయన ఆ మలుపు దాటి పందేనికి వెళ్ళాడు.